మెట్ల మీద మీసం

నలభై దాటినా అక్క దృష్టిలో చిన్నోడు చిన్నోడే. సినిమాల్లో కత్తియుద్ధాలు చేసే ఫైటరు. ఆ పని నేర్పింది బావ. బావ హీరోలకు డూపు కాబట్టి తెర మీద ఎప్పుడూ ఆయన వీపే కనిపించేది. చచ్చి పడిపోవడంలో మాత్రం ఆయన్ని కొట్టేవాడు లేడు. డైరెక్టరు కట్ చెప్పేదాకా కనురెప్ప కూడా కదిపేవాడు కాదు. తోటి ఫైటర్లు ఆయన్ని “శవంగారూ” అని పిలిచేవాళ్ళు. బావ పలికేవాడు కూడా.

ఆఖరి సినిమా ఒక పాత ఫ్రెంచి నవలది. ఈకల టోపీలు, ముక్కు మీద కోపాలు, తుమ్మితే కత్తి దూసే వీరులు. డైరెక్టరు దాన్ని నవ్వుల సినిమా చేశాడు. బావది కోట కాపలావాడి వేషం. మెట్ల పైన నిలబడి మీసం దువ్వుకోవాలి. హీరోకి డూపుగా చిన్నోడు పొడిస్తే దొర్లుకుంటూ వచ్చి పీపాలో తలకిందులుగా పడాలి.

పడ్డాడు. పీపాలోంచి కాళ్ళు రెండూ గాల్లోకి లేచి, ఒకసారి కొట్టుకుని ఆగిపోయాయి. సెట్టంతా గొల్లుమంది. డైరెక్టరు కడుపు పట్టుకుని నవ్వుతూ కట్ చెప్పడమే మరిచాడు. కట్ వినపడలేదు గనక శవంగారు కదలడం లేదనుకున్నారు అందరూ. చిన్నోడూ అదే అనుకుని కత్తి ఒరలో పెట్టి పకపకా నవ్వాడు. మెడ విరిగిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

సినిమా విడుదలకు ముందు చిన్నోడు ఎడిటరు గదికి వెళ్ళాడు.

“ఆ ముక్క తీసెయ్యండి సార్.”

“ఏం మాట్లాడుతున్నావయ్యా. సినిమాకి ప్రాణమే అది.”

“ప్రాణం సంగతి నాకు తెలుసు సార్. రేపు హాల్లో మా అక్క కూర్చుంటుంది. చుట్టూ జనం పడీపడీ నవ్వుతుంటే ఆవిడ ఏం చెయ్యాలి?”

ఎడిటరు టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఎదురుగా తెర మీద బావ మీసం మీద చెయ్యేసి ఆగిపోయి ఉన్నాడు.

“సర్లే, డైరెక్టరుకి నేను చెప్పుకుంటా. ఆ కాపలావాణ్ణి మొత్తం లేపేస్తాను.”

చిన్నోడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాడు.

హాల్లో అక్క కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

“ఒరే, ఆయనొచ్చే ముందు మోచేత్తో పొడు.”

“జనంలో ఎక్కడో ఉంటాడులే అక్కా. డూపు కదా.”

“నోర్ముయ్. నీకేం తెలుసు.”

తెర మీద మెట్లు వచ్చాయి. పీపా వచ్చింది. వీరుడు మెట్లెక్కి, గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. అక్క ముందుకు వంగింది.

“ఈ మెట్లే కదరా?”

“ఏం మెట్లు?”

“ఆ పొద్దున చెప్పి వెళ్ళాడు. ఈసారి వీపు కాదే, మొహమే, మెట్ల మీద నీ వైపు చూసి మీసం దువ్వుతాను చూడు అన్నాడు. ఇన్నేళ్ళూ వీపు చూసి మురిసిపోయాను. మొహం ఒక్కసారి చూసుకుందామనే వచ్చాను.”

చిన్నోడు తెర వైపు తిరిగాడు.

“ముందుందేమో అక్కా,” అన్నాడు.

లేదని వాడికి తెలుసు. అక్క చివరిదాకా కళ్ళార్పకుండా చూసింది. దీపాలు వెలిగాయి. జనం నవ్వుకుంటూ ఆమె మోకాళ్ళు దాటుకుని వెళ్ళిపోయారు. అక్క కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.

“నేనే రెప్ప వేసుంటానురా,” అంది.

చిన్నోడు కాదనలేదు.