మూలన ఒక ముడి

నేను ఒక మెత్తటి నూలు మల్లు గుడ్డను. పొడవు గజానికి తక్కువ, మూలన ఒక ముడి. ఆ ముడి సంగతి చివర్లో చెబుదామనుకున్నాను గానీ, ఏం చెప్పబోయినా మనసు దాని మీదికే పోతుంది.

మిల్లులో పుట్టినప్పుడు నాకు భయమంటే తెలియదు. విజయనగరంలో దర్జీ అప్పలస్వామి కత్తెరకు మిగిలిన ముక్కనై, ఆయన భార్య పైడమ్మ చేతిలో పడ్డాక కుదురన్నది లేదు. పసిపిల్ల తలకి గాలి తగులుతుందని నన్ను కప్పింది. పాలలో నలక ఉంటుందని నాతో వడకట్టింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, గట్టిగా ఉందో లేదో అని రోజుకు మూడుసార్లు లేచి చూసేది. ఇరవై రెండేళ్లు ఆ వేళ్ల మధ్య నలిగి ఉల్లిపొరలా పలచబడ్డాను. మరకలన్నీ ఉతుకులో పోయాయి. ఆమె దగ్గర అంటుకున్న భయం మాత్రం పోలేదు.

ఆ పలచదనమే నన్ను దీపం ముందు నిలబెట్టింది.

ఆ పసిపిల్ల హిమజకు ఇప్పుడు గుండీల పిచ్చి. తండ్రి దుకాణం ఎత్తేసినప్పుడు ఇంటికొచ్చిన డబ్బాతో మొదలుపెట్టి, ముత్యపు చిప్పవి, కొమ్మువి, ఇత్తడివి నాలుగు వందలు పోగుచేసింది. హైదరాబాదులో ఎవరో చిన్న చిన్న సేకరణలతో ప్రదర్శన పెడుతున్నారు. పది ఫొటోలు శుక్రవారం సాయంత్రం అయిదులోగా పంపాలి. అవి నచ్చితేనే పిలుపు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హిమజ ఒక అట్టపెట్టెకు రెండు పక్కలా కిటికీలు కోసింది. లోపల తెల్ల కాగితాన్ని మడత పడకుండా వంపుగా పరిచింది. దీపం నేరుగా పడితే గుండీ మీద ఒక్క చుక్కే మెరిసి మిగతా అందం కనబడదట. నడుమ పలచని గుడ్డ ఉంటే వెలుగు మెత్తబడుతుందట. అందుకని ఒక కిటికీకి నన్ను అంటించి, బయట టేబుల్ లైటు పెట్టింది. రెండో వైపు స్టీలు పళ్లెం నిలబెట్టి వెలుగును లోపలికి తిప్పింది.

పైడమ్మ బకెట్టు నిండా నీళ్లు, తడిపిన గోనె తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

"ఏటమ్మా, ఫైరింజన్ని కూడా పిలవకపోయావా?"

"నవ్వు. గుడ్డంటుకుంటే నీళ్లు నాను పోయాల గానీ నీ గుండీలు పోత్తాయేటి?"

"ఇది ఎల్‌ఈడీ బల్బు. వేడెక్కదు."

"ఎక్కదనుకున్నవే ఎక్కుతాయి."

నిజం చెప్పాలంటే, నేనూ ఆ బల్బును కనిపెట్టుకునే ఉన్నాను.

ఫొటోలు వచ్చాయి. ప్రతి గుండీ మెరుపులోనూ ఒకే చోట నల్లటి మచ్చ. హిమజ ఫోను తుడిచింది, గుండీలు తుడిచింది, పళ్లెం జరిపింది. నాలుగు దాటింది. అప్పుడు చూసింది, వెలుగుకు అడ్డం నిలిచింది నా ముడే.

విప్పుదామని గోరు దూర్చేసరికి పైడమ్మ నన్ను ఒక్క లాగు లాగింది. టేపుతో సహా ఊడివచ్చాను.

"ఇప్పకు."

"టైమైపోతందమ్మా. అందులో ఏటుందని?"

"ఏటుంటే నీకెందుకే. వేరే గుడ్డెట్టుకో."

వేరే గుడ్డలన్నీ దళసరివి. హిమజ పోట్లాడి ఉంటే పైడమ్మ తట్టుకునేదే. కానీ హిమజ గుండీలు ఒక్కొక్కటే డబ్బాలో వేయడం మొదలుపెట్టింది. ఆ టిక్కు టిక్కు చప్పుడుకు పైడమ్మ నోరు విప్పింది.

"నీకు పదకొండో నెల. మీ నాన్న కుడతా ఒగ్గీసెల్లిన చొక్కా గుండీ నోట్లో ఏసుకున్నావు. గొంతుకడ్డం పడిపోనాది. మొకం నల్లబడిపోనాది. ఈపు మీద కొట్టగా కొట్టగా బయటపడ్డాది. పైడితల్లమ్మకి మొక్కి ఆ గుండీనే ఇందులో ముడుపు కట్టీసినాను. ఇది ముడిలో ఉన్నన్నాళ్లూ నీ ఊపిరికి అడ్డం రాదని."

"నాన్నకి తెలుసా?"

"తెలిస్తే ఆ మనిషి మళ్లీ సూది పట్టునా?"

హిమజ తన డబ్బా వైపు చూసుకుంది. ఇన్ని గుండీలు పోగవుతుంటే ఈ తల్లి ఒక్కరోజూ వద్దనలేదు. రోజూ మంచాల కింద చీపురు పెట్టి వెతికేది, అంతే. మనుషులు దేనికి హడలిపోతారో దాన్నే భద్రంగా దాచుకుంటారు. నాకది ఇప్పటికీ అర్థం కాదు.

హిమజ నన్ను తలకిందులు చేసి, ముడి పెట్టె వెనక్కి వేలాడేలా అంటించింది. మచ్చ పోయింది. తొమ్మిది ఫొటోలు గబగబా అయిపోయాయి.

పదోది తీయబోతుంటే పైడమ్మ "ఆగు" అంది. వంగి, పళ్లతో నా ముడి విప్పింది. నాలుగు కన్నాల మామూలు చొక్కా గుండీ.

"కాగితం మీద పెట్టమ్మా."

"పెట్టను. దొర్లిపోద్ది."

చేత్తో సహా పెట్టెలోకి దూర్చింది. నాలోంచి వడకట్టుకుని వెలుగు ఆమె అరచేతి మీద పడింది. గీతల నడుమ గుండీ, ఏ క్షణాన్నయినా మూసుకునేలా వంగిన వేళ్లు. హిమజ అలాగే తీసి పంపింది. అయిదుకు నాలుగు నిమిషాలుంది. పైడమ్మ వెంటనే మళ్లీ ముడి వేసింది, ఈసారి రెండు ముళ్లు.

పిలుపు వచ్చింది. ఆ పదో గుండీ తప్పకుండా తేవాలన్నారు. ముడి విప్పేది లేదంది పైడమ్మ. అందుకే ఇప్పుడు హైదరాబాదులో ఒక గాజు పెట్టెలో, ఆ ఫొటో పక్కన, ముడితో నేనున్నాను. జనం వచ్చి వంగి చూస్తారు. పైడమ్మ తాళం సరిగా పడిందా అని కాపలా అతన్ని రెండుసార్లు అడిగి వెళ్లింది.

సరిగ్గా నా నెత్తిన ఒక దీపం ఉంది. వేడెక్కదనే అంటున్నారు. బకెట్టు మాత్రం ఎంత వెతికినా ఎక్కడా కనబడటం లేదు.