రాయిలాంటి ఒళ్లు

అరవై మూడేళ్ల వయసులో నూరు కిలోల బస్తాను పొలం నుంచి రోడ్డుకు చేర్చినవాణ్ణి నేను. దారిలో ఎవరైనా పలకరిస్తే బస్తా దించకుండానే వాళ్లింటి కబుర్లన్నీ వినేవాణ్ణి. తీరా దించితే నేల మూలిగేది కానీ నేను మూలిగేవాణ్ణి కాదు. ఊళ్లో నన్ను రాయి అని పిలిచేవాళ్లు. నా తమ్ముడు సన్నగా ఉండేవాడు కనుక వాడు చువ్వ.

చువ్వ చదువుకుని పట్నంలో ఆఫీసు కుర్చీలో స్థిరపడ్డాడు. ముప్ఫై ఏళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, తలనొప్పి వచ్చినప్పుడల్లా ఓ మాత్ర వేసుకున్నాడు. ఆ మాత్రలే రెండు కిడ్నీలనూ తినేశాయన్నారు డాక్టర్లు. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే తప్ప వాడికి ఆ మంచం తప్పదు.

ఇస్తానని ఒకడు ముందుకొచ్చాడు. మా మరదలి తమ్ముడు, చువ్వకు బావమరిది. పట్నంలోనే పుట్టి పెరిగినవాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. అంతా బాగానే ఉండేది, నేను ఫోన్ చెయ్యకపోతే.

“ఒరేయ్ చువ్వా, ఆ సోఫా మనిషి కిడ్నీ నీకెందుకురా? లిఫ్టు లేకపోతే మేడ ఎక్కలేని ఒళ్లు అది. నాది తీసుకో.”

“నువ్వు పెద్దవాడివి అన్నయ్యా.”

“పెద్దవాణ్ణి నేను. నా కిడ్నీకి ఇంకా మీసాలు కూడా రాలేదు.”

వాడు నవ్వాడు. చిన్నప్పుడు నేను వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని కాలవ దాటించేవాణ్ణి. ఆ నమ్మకం వాడి మనసులో ఇంకా ఉంది. సరేనన్నాడు. సోఫా మాట సరదాగా బావమరిది చెవిన వేశాడు. అతనికి సరదాగా అనిపించలేదు. “రాయిగారు ఉన్నారుగా, ఇక నాతో పనేముంది?” అనేసి, వాయిదా వేస్తూ వచ్చిన దూరపు ఉద్యోగం ఒప్పుకుని వెళ్లిపోయాడు.

నన్ను ఆసుపత్రికి పిలిచారు. గాజు తలుపుల గదిలో ఒక అమ్మాయి కాగితం పెట్టుకుని కూర్చుంది. తమ్ముడూ మరదలూ నా వెనకే ఉన్నారు.

“రోజుకు ఎంత దూరం నడుస్తారు తాతగారూ?”

“పొలానికి నాలుగైదు సార్లు రానూపోనూ నాలుగు మైళ్లు. అక్కడ నాగలి వెనక ఇంకో పది.”

“ఏం తింటారు?”

“చేలో పండింది. పొద్దున గంజి, మధ్యాహ్నం ఆకుకూర, సాయంత్రం పెరుగు.”

“చూశావా?” అన్నాడు తమ్ముడు మరదలితో. వాడి గొంతులో అంత సంతోషం వినడం ఏడాదిలో అదే మొదటిసారి.

నేను చెప్పిందంతా నిజమే. కాకపోతే అది మా నాన్న దినచర్య. అడిగేసరికి నోటికి అదే వచ్చింది. నా ఊరి గురించి ఎవరు అడిగినా నాకు మా నాన్నే గుర్తొస్తాడు.

నా దినచర్య ఇదీ. పొలం మా అరుగు మీంచి కనబడుతుంది, అయినా స్కూటరు మీదే వెళతాను. దున్నడానికి ట్రాక్టరు, కొయ్యడానికి మిషను వస్తాయి. నీళ్ల మోటారును మంచం మీంచి ఫోనుతో నడిపిస్తాను. మా ఊరి కూరగాయలన్నీ తెల్లారకముందే లారీ ఎక్కి పట్నం పోతాయి. లారీకి పనికొచ్చే కాయ ఇంట్లో వండుకుంటే మా దగ్గర దుబారా అంటారు. ఆ లారీయే సాయంత్రం బిస్కెట్లు, నూడుల్సు, రంగునీళ్ల సీసాలు తెచ్చి దించుతుంది. మేం తినేది అవి. తమ్ముడి ఇంటికి మాత్రం ప్రతి మంగళవారం నేనే ఏరి ఏరి ఓ బస్తా పంపేవాణ్ణి.

బస్తా అంటే గుర్తొచ్చింది. నూరు కిలోల బస్తాను మోసింది నా స్కూటరు. అది పడిపోకుండా నేను ఒక చేత్తో పట్టుకునేవాణ్ణి, అదీ కష్టమే కదా. ఇక రాయి అన్న పేరు, కూర్చుంటే లేవనని పెట్టింది.

రక్తపరీక్షకు ముందు నాలుగు రోజులు నేను బిస్కెట్ ముట్టలేదు. ఊరి చుట్టూ నడిచాను కూడా. కుక్కలు నన్ను కొత్తమనిషి అనుకుని మొరిగాయి.

డాక్టరు కాగితాలు తిరగేశాడు. “ఈ పరీక్షలో మూడు నెలల షుగరు తెలుస్తుంది పెద్దాయనా. నాలుగు రోజులు జాగ్రత్తపడితే దాగదు. మూత్రంలో ప్రొటీను కూడా పోతోంది. మీరు ఇవ్వడానికి వీల్లేదు. ముందు మీవి కాపాడుకోండి.”

బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి. మరదలు నా ఎదురుగా కూర్చుంది.

“బావగారూ, మీరు పొలానికి నడిచి వెళ్లి ఎన్నేళ్లయింది?”

“పదేళ్లు అయ్యుంటుందమ్మా.”

“మా తమ్ముడు రోజూ పొద్దున్నే కుక్కను తీసుకుని గంట నడుస్తాడు. మీరు పంపిన కూరగాయల్లో సగం వాడింటికే వెళ్లేవి. తిని, నడిచి, రాయిలా ఉండేవాడు. వాడు సోఫా అయ్యాడు మీకు.”

“ఇప్పుడు పిలిస్తే రాడా?”

“పిలిచాను. పెద్దాయన్నే అడగమన్నాడు.”

తమ్ముడు మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సూదులు గుచ్చిన చెయ్యి నా భుజం మీద వేశాడు. “ఇకమీద మంగళవారం బస్తా పంపకు అన్నయ్యా. నువ్వు తిను” అన్నాడు.

వాడి మిషను టైమయింది. లేచి వెళ్లాడు. వాడి పేరు ఇప్పుడు ఆసుపత్రి వాళ్ల జాబితాలో ఉంది. వాడికి పైన రెండు వందల పేర్లున్నాయట.

ఇంత నిజం చెప్పాక ఒక్క అబద్ధం దాచుకోవడం దేనికి? స్కూటరు నిజం, బిస్కెట్లు నిజం, కుక్కలు మొరగడం కూడా నిజమే. తమ్ముడు నా పక్కన కూర్చోవడం నేను కల్పించింది. వాడు వరండాలో నా ముందునుంచే నడిచి వెళ్లాడు, నావైపు చూడలేదు. “నువ్వు తిను” అని వాడు అననే లేదు. మంగళవారం బస్తాను మాత్రం గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు.