ఒంటి వేడి

ఓర్సొలా కుడిచేత్తో మొక్కజొన్న సంకటి కెలుకుతోంది. ఎడమచెయ్యి మాత్రం రొమ్ము మీదే ఉంది. రవికె లోపల గుడ్డసంచిలో పట్టుపురుగు గుడ్లున్నాయి, ఆవగింజలకన్నా సన్నం. సాన్ మార్కో పండగనాడు చర్చిలో దీవెన పట్టించిన దగ్గర్నుంచి అవి ఆమె ఒంటిమీదే ఉన్నాయి. పొయ్యి దగ్గర పెడితే గుడ్డు ఎండిపోతుంది. మనిషి ఒంటికైతే వేడితోపాటు కాస్త చెమ్మ కూడా ఉంటుంది.

బక్కపలచని మనిషి. కీళ్లు ఉబ్బిన వేళ్లు, పొగకు ఎర్రబడ్డ కళ్లు. పెళ్లి లేదు. అన్న ఇంట్లో వంటకీ ఆవులకీ బతుకు చెల్లిపోయింది. అయితేనేం, ఏటా ఆ ఇంటి పట్టంతా ఆవిడ గుండెల మీదే పుట్టింది.

రెండు రోజులుగా ఒళ్లు సెగలు కక్కుతుంటే పొయ్యి వేడి అనుకుంది. సంకటి దించి, కిటికీ దగ్గర సంచి విప్పి చూసింది. బూడిదరంగు గుడ్లు అప్పుడే నీలం తిరుగుతున్నాయి, ఇక పురుగు బయటికొచ్చే వేళ దగ్గరపడ్డట్టే. బయట మల్బరీ కొమ్మలకు ఇంకా మొగ్గే విచ్చలేదు, మొన్నటి మంచు బిగబట్టేసింది. ఆకు రాకముందే పురుగు పుడితే ఆకలికి చస్తుంది. ఇంటిల్లిపాదికీ ఆ ఏడాది ఆధారం పోతుంది. తన జ్వరమే వాటిని తొందరపెడుతోంది.

అన్నగారి కొత్త కోడలు ఎర్సీలియాను పిలిచి చెయ్యి పట్టుకు చూసింది. చల్లగా ఉంది.

"ఇక ఈ సంచి నువ్వు పెట్టుకో."

"నేనా అత్తా? నాది మంచుగడ్డ ఒళ్లని మీ మేనల్లుడు రోజూ దెప్పుతాడు."

"ఇప్పుడు కావలసింది అదే. ఒక్కసారిగా చలిలో పెడితే చస్తాయి. నీ దగ్గర నెమ్మదిస్తాయి. బోర్లా పడుకోకు. మొగుణ్ణి దగ్గరికి రానీకు."

"ఎన్నాళ్లు?"

"ఆకొచ్చేదాకా. వాడేం చావడులే."

ఎర్సీలియా నవ్వింది. అంతలోనే ముసలామె వేళ్లు తగిలి, "కాలిపోతున్నారత్తా, పడుకోండి" అంది.

పడుచుదనం నుంచీ మోసిన సంచి ఇంకొకరి రవికెలోకి పోతుంటే ఓర్సొలాకు ఏడుపొచ్చింది. బరువు దిగినట్టూ ఉంది.

ఆ పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. కళ్లు తెరిచినప్పుడల్లా "రంగు?" అని అడిగేది. "అలాగే ఉందత్తా" అనేది ఎర్సీలియా. ఎండ కాసిన ఒక ఉదయం అడగలేదు.

ఆమెను మట్టిచేసి వచ్చిన మర్నాడు మల్బరీ చిగురు విచ్చింది. ఆ వెనకే సంచిలో నల్లటి పిల్లపురుగులు కదిలాయి, వెంట్రుక ముక్కలంత. ఎర్సీలియా పట్టలేనంత సంతోషపడింది. కానీ వేళ్లతో ఎత్తితే నలిగిపోతాయి. ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా అత్త గదిలోకి పరిగెత్తింది.

దిండు పక్కన, కడిగి ఆరబెట్టి మెత్తగా దువ్విన కోడి ఈక ఒకటి ఉంది.