పంతొమ్మిది అంగుళాలు

వీధిలో ఆయన్ని తీగల మాష్టారు అంటారు. ఆయన ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. ఇంటి నిండా వైర్లు వేలాడుతుంటాయి కాబట్టి తీగలు, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి మాట్లాడతాడు కాబట్టి మాష్టారు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పేరు జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది.

పద్నాలుగేళ్ళు ఒక ఆఫీసులో మెషిన్ల గది చూసుకున్నాడు. ఆ గది మూసేసిన రోజు, "ఇవి మాకు అక్కర్లేదు, కావాలంటే పట్టుకెళ్ళండి" అని మూడు పాత సర్వర్లు చూపించారు. ఉద్యోగం పోయిన నాడు ఉత్తి చేతులతో ఇంటికి వెళ్ళడానికి మనసొప్పక తెచ్చుకున్నాడు. ఒక్కొక్కటీ పడుకోబెట్టిన సూట్‌కేసంత ఉంటుంది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఇప్పుడు ఆ మూడింటి మీదే సంసారం నడుస్తోంది. చుట్టుపక్కల నాలుగు చిన్న ఆస్పత్రుల ఎక్స్‌రే బొమ్మలన్నీ వాటిలో దాచి పెడతాడు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఏ డాక్టరు ఏ పాత బొమ్మ అడిగినా చిటికెలో వెళ్ళాలి. అదీ ఒప్పందం.

ఏనుగు ఊరికే వచ్చింది, కట్టేసే చోటే లేదు. ఇల్లు మేడ మీద, ఒక హాలు, ఒక పడకగది, వంటగది. హాలు మీద రేకుల కప్పు, పదింటికల్లా పెనం అవుతుంది. అందుకని మెషిన్లు పడకగదిలో, మంచం తలవైపు, పొడవాటి పాత బల్ల మీద పక్కపక్కన. వాటి ఫ్యాన్లు పెట్టే రొద తేనెపట్టు కదిపినట్టు ఉంటుంది. ఆ రొద పక్కనే, పగలంతా, ఆయన భార్య నిద్రపోవాలి. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఏడాదిగా రాత్రి డ్యూటీ.

ఏడాదిగా ఆవిడ నిద్ర పోలేదనే చెప్పాలి. పడుకుంటుంది, అంతే. చెవుల్లో దూది, కళ్ళ మీద చున్నీ, ఆ పైన దిండు. లేచాక కళ్ళు మిరపకాయలు. "నిద్ర పట్టిందా?" అంటే "ఆ, పట్టింది" అంటుంది. ఆ అబద్ధం విని విని ఆయనకూ అలసట వచ్చింది.

వంటగది వెనక ఒక సందు ఉంది. నాలుగడుగుల వెడల్పు, గోడలో గాలి కన్నం, మెషిన్లకు స్వర్గం. కానీ అక్కడ బట్టలుతుకుతారు, నేల తడి. ఒకదానిపై ఒకటి పేర్చితే అడుగుది వేడెక్కి ఆగిపోతుంది. మధ్యలో ఖాళీ వదిలి, నేల నుంచి జానెడు పైకి, నిలువునా బిగించే ర్యాక్ కావాలి. కొత్తది అడిగితే, ధర విని వెనక్కి వచ్చేశాడు. పాత ఇనుప సామాన్ల వాడి దగ్గర ఒకటి దొరికింది. అది ఏడడుగుల ఎత్తు, మెట్ల మలుపు దగ్గర తిరగలేదు. ఇద్దరు మనుషులు గంటసేపు దానితో కుస్తీ పట్టి, చివరికి దానికి నమస్కరించి పంపేశారు.

అప్పుడు బావమరిది అన్నాడు: "బావా, ఆ ఇనుప దెయ్యంతో నీకెందుకు? నేను చేసి పెడతాను. పాత తలుపు చెక్క ఉంది నా దగ్గర, రాయిలాంటిది. కొలత చెప్పు."

భార్య తమ్ముడు అతను. వడ్రంగి. ఆమె కంటే ఆరేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద.

"పంతొమ్మిది అంగుళాలు," అన్నాడు మాష్టారు. "లోకమంతా ఒకటే కొలత. అమెరికాలో అయినా అడవిలో అయినా పంతొమ్మిదే."

"అమెరికా మనకెందుకులే. పంతొమ్మిది అన్నావు, రాసుకున్నాను."

తప్పు అక్కడే జరిగింది, ఇద్దరికీ తెలియలేదు.

*

గురువారం పొద్దున్నే బావమరిది ర్యాక్ భుజాన వేసుకుని వచ్చాడు. నాలుగు నిలువు కాళ్ళు, కింద మీద చట్రాలు, ముఖం కనబడేంత నున్నగా చిత్రిక పట్టిన చెక్క. వెనక సందులో నిలబెడితే గోడకూ నీళ్ళ డ్రమ్ముకూ మధ్య కొలిచి పెట్టినట్టు కూర్చుంది. మాష్టారి కళ్ళు చెమ్మగిల్లినంత పని అయింది. పొద్దున దేవుడి ముందు దండం పెట్టుకున్నప్పుడు ఆయన అడిగింది ఇదొక్కటే.

బొమ్మల పని మొదలయ్యేలోపు ఒక మెషిన్ ఆపి, ఇద్దరూ పట్టుకుని తెచ్చి ర్యాక్ ముందు పెట్టి లోపలికి తోశారు. అది లోపలికి వెళ్ళింది. వెళ్తూనే ఉంది. ముందు పలకకు రెండు పక్కలా చెవులుంటాయి, వాటికే మరలు బిగించాలి. ఆ చెవులు కాళ్ళ మీద ఆనకుండా, వాటిని రాసుకుంటూ మధ్యలోంచి జారిపోయి, వెనక గోడకు కొట్టుకునే లోపల మాష్టారు ఒక చెవి పట్టి లాగి ఆపాడు.

"ఇదేంట్రా?"

"ఏంటేంటి? పంతొమ్మిది. టేపు పెట్టి చూసుకో."

చూశాడు. కాలికీ కాలికీ మధ్య ఖాళీ సరిగ్గా పంతొమ్మిది.

"పంతొమ్మిదంటే చెవులతో కలిపిరా! చెవులు కాళ్ళ మీద ఆనాలి. మధ్య ఖాళీ పదిహేడు ముప్పావే ఉండాలి."

బావమరిది మొహం మాడిపోయింది. "మరి ఆ మాట చెప్పాలా వద్దా? మా పనిలో వెడల్పంటే లోపలి కొలతే. లోపల పెట్టే వస్తువు కోసమే పెట్టె, పెట్టె కోసం వస్తువు కాదు అని మా గురువు చెవి మెలిపెట్టి నేర్పించాడు. ముప్పై బీరువాలు చేశాను, ఒక్కడూ నన్ను ఈ మాట అనలేదు."

"పద్నాలుగేళ్ళు చూసుకున్నాను, కొలత నోటికి వచ్చు. నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే?"

"నువ్వు చెప్పి ఉంటే? మెషిన్ల గది మహారాజువి, నువ్వు చెప్తే వేదం అనుకున్నాను."

ఇద్దరికీ కోపం రావాలి. రాలేదు. మాష్టారు నీళ్ళ డ్రమ్ము మీద కూలబడ్డాడు. ఎన్నాళ్ళ నుంచో తెలియదు, ఆయనకు కోపానికి కూడా ఓపిక సరిపోవడం లేదు. ఒకటింబావు అంగుళం. మనిషి బతుకంతా ఒకటింబావు అంగుళం దగ్గర ఆగిపోతుందా అనిపించింది. అడిగింది ఇచ్చేవాడు దేవుడే, మరి కొలత సరిగ్గా ఇవ్వడానికి ఏం అడ్డం వచ్చిందో.

వీధి తలుపు చప్పుడైంది. రాత్రి డ్యూటీ దిగి ఆవిడ వచ్చింది.

మామూలుగా వస్తూనే తమ్ముణ్ణి ఏదో ఒకటి అంటుంది. ఈ రోజు అనలేదు. హాల్లో గోడకు ఆనుకుని, చెప్పులు విప్పకుండానే నేల మీద కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు మాష్టారు.

"ఏం కాలేదు. కాబోయింది." ఆవిడ అరచేతుల వైపు చూసుకుంటోంది. "ఏడో మంచం ఆయనకు ఇవ్వాల్సిన సూది పట్టుకుని తొమ్మిదో మంచం దగ్గరకు వెళ్ళాను. తొమ్మిదిలో ఉన్నది ముసలావిడ. ఆ మందు ఆవిడకు పడదు. పేరు చదివాను కూడా. చదివాను, కానీ బుర్రకు ఎక్కలేదు. పక్కనున్న నర్సు పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది."

బావమరిది చేతిలో టేపు చప్పుడు చేస్తూ చుట్టుకుపోయింది.

"ఆ ముసలావిడ నన్ను చూసి నవ్వింది కూడా," అంది. "నేనే సూది వద్దని ఆపాననుకుంది. థాంక్సమ్మా అంది."

"అక్కా, కాస్త మంచినీళ్ళు..."

"వద్దురా. పడుకుంటాను."

లేచి గదిలోకి వెళ్ళింది. మాష్టారు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. బల్ల మీద మిగిలిన రెండు మెషిన్లు గీపెడుతున్నాయి. ఆవిడ దూది పెట్టుకుంది, చున్నీ కప్పుకుంది, దిండు నొక్కుకుంది. దిండు కింద కళ్ళు తెరిచే ఉన్నాయని ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆ మాత్రం తెలియదా?

ఇన్నాళ్ళూ ఆయన లెక్క వేరు. మెషిన్ల రొద ఆవిడ నిద్ర చెడగొడుతోంది, పాపం, అనుకునేవాడు. ఆ నిద్ర అవతల ఒక తొమ్మిదో మంచం ఉందని, అందులో ఊరూ పేరూ తెలియని ఒక ముసలావిడ నవ్వుతోందని తోచలేదు. ఎవరి బొమ్మలు ఎవరి కోసం దాస్తున్నట్టు?

టైం తొమ్మిదిన్నర. గదిలోకి వెళ్ళి, వంగి, రెండు మెషిన్లనూ పద్ధతి ప్రకారం ఆపేశాడు. ఫ్యాన్లు ఒక్కో మెట్టు దిగుతూ, ఒక్కో మెట్టు దిగుతూ, ఆగిపోయాయి. ఆ గదిలో ఏడాదిగా లేని నిశ్శబ్దం వచ్చింది. ఆవిడ దిండు పక్కకు జరిపి చూసింది.

"ఏవండీ, ఆగిపోయాయా?"

"ఆపాను. పడుకో."

"మరి డాక్టర్లు?"

"నేను చూసుకుంటాను. నువ్వు పడుకో."

ఇంకేదో అనబోయింది. మాట మధ్యలోనే కళ్ళు మూతపడ్డాయి.

*

ఫోన్లు చేసి మూడింటి దాకా గడువు అడిగితే ముగ్గురు డాక్టర్లు సరేనన్నారు. నాలుగో ఆయన, అందరికంటే ఎక్కువ బొమ్మలు పంపే ఆయన, ఒప్పుకోలేదు.

"చూడండి మాష్టారూ, పని రోజున మెషిన్లు ఆపడమేంటండీ? ఇక్కడ పేషెంట్లు కూర్చున్నారు."

"మూడింటికల్లా పెట్టేస్తానండీ. చోటు మారుస్తున్నాను."

"మూడు అంటే మూడేనా?"

"మూడేనండీ."

"నాలుగు దాటిందంటే నేను వేరే వాళ్ళను చూసుకోవాల్సి వస్తుంది. ముందే చెప్తున్నాను, తర్వాత బాధపడొద్దు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, బావమరిది అప్పటికే సందులో మోకాళ్ళ మీద కూర్చుని తన పనిముట్ల సంచిలోంచి చెక్క బద్దలు ఏరుతున్నాడు.

"బావా, కాళ్ళకు లోపలివైపు రెండు పక్కలా బద్ద కొడితే సరి. పక్కకు అరంగుళం మీద కొంచెం. ఖాళీ నీ పదిహేడు ముప్పావుకు దిగుతుంది."

"కొడితే? సుత్తి చప్పుడుకు లేవదూ?"

"సుత్తి వద్దులే. మరలు బిగిద్దాం, చేత్తో."

డ్రిల్లు పెట్టలేదు. రంపం పెట్టలేదు. రాయిలాంటి చెక్క అని బావమరిది చెప్పింది నిజమే. చేతి బరమాతో ఒక్కో కన్నం తొలవడానికి పావుగంట పట్టింది. పదహారు కన్నాలు. ఒకరు తిప్పుతుంటే ఒకరు చెయ్యి దులుపుకోవడం. మాటలన్నీ గుసగుసలే.

"నీ అరచెయ్యి చూడు, పెళ్ళికూతురు చెయ్యిలా ఉంది. నాలుగు తిప్పులకే బొబ్బ."

"నోరు మూసుకుని తిప్పరా."

"బావ బతుకు కోరేవాడు బావమరిది అని ఊరికే అన్నారా? మళ్ళీ నువ్వేమో నోరు మూసుకోమంటావు."

మధ్యాహ్నం ఇద్దరూ చల్లబడిపోయిన అన్నం నిలబడే తిన్నారు. గిన్నె కింద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా గుడ్డ వేశాడు బావమరిది. మాష్టారికి అది చూసి నవ్వు రాలేదు. మెడ, నడుము, మోకాళ్ళు ఒకటే సలుపు.

రెండుంబావుకు చివరి మర బిగిసింది. సందులోనే ఉన్న మొదటి మెషిన్ను ఎత్తి తోశారు. చెవులు రెండూ వచ్చి బద్దల మీద ఆనాయి. వేలు పెట్టి నొక్కితే కదలలేదు.

"హమ్మయ్య," అన్నాడు బావమరిది, చాలా నెమ్మదిగా. "పద, మిగతా రెండూ తెద్దాం."

గది గుమ్మం దాకా వెళ్ళి ఇద్దరూ ఆగిపోయారు.

మెషిన్లు మంచానికి అవతల, గోడ మూల ఉన్నాయి. వాటిని ఎత్తాలంటే పొద్దున జరిపినట్టే మళ్ళీ మంచం జరపాలి. మంచం మీద ఆవిడ ఒక పక్కకు తిరిగి, నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి కిందికి వేలాడేసి నిద్రపోతోంది. దూది ఒక చెవిలోంచి జారి దిండు మీద పడి ఉంది. సన్నగా గురక. ఈ ఏడాదిలో ఆయన ఆవిడ గురక వినలేదు. గురక పెట్టేంత లోతుకు ఆవిడ ఎన్నడు దిగిందని?

బొమ్మల్లో ఎక్కువ ఆ రెండింటిలోనే ఉన్నాయి. అక్కడే ఉంచి పెట్టేస్తే రొద మొదలవుతుంది. ర్యాక్‌లో ఉన్న ఒక్కదానితో పని కాదు.

మూడైంది. మూడుంబావు అయింది. ఇద్దరూ హాల్లో, రేకుల వేడిలో, గోడకు ఆనుకుని కూర్చున్నారు. చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. మూడున్నరకు ఫోను గిలగిలా కొట్టుకుంది. మాష్టారు దాన్ని చేతిలో పట్టుకుని వీధి మెట్ల మీదకు వెళ్ళాడు.

"మాష్టారూ, మూడన్నారు."

"అన్నానండీ. ర్యాక్ సిద్ధంగా ఉంది. మా ఆవిడ నిద్రలో ఉంది, మెషిన్లు తీయాలంటే మంచం జరపాలి."

"ఏంటీ? నిద్రా? లేపండి మరి!"

"రాత్రంతా వార్డులో ఉంటుందండీ. ఈ రాత్రి మళ్ళీ వెళ్ళాలి. సూదులు ఇవ్వాలి."

అవతల పేషెంటుతో ఏదో అనడం వినబడింది. తర్వాత, "నాలుగు అన్నాను," అన్నాడు డాక్టరు. గొంతులో కోపం తగ్గింది, మాట మాత్రం మారలేదు. "మీ ఇష్టం."

లోపలికి వచ్చాడు. బావమరిది తలెత్తి చూశాడు.

"బావా, ఒక్క పది నిమిషాల పని. లేపితే నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంటుందిగా. అంత పెద్ద డాక్టరు పోతే..."

"పోనీరా."

"పోతే నెల ఎలా గడుస్తుంది?"

"అది రేపు ఆలోచిద్దాం. దేవుడు ఏదో ఒకటి చూపిస్తాడు, చూపించకపోతే అడుగుదాం." మాష్టారు గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. గోడ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు వైపు పాకుతోంది. తలుపు చెక్కలోంచి గురక సన్నగా వెన్నుకు తెలుస్తోంది.