నూట ఇరవైతొమ్మిదో పేజీ

మా మావయ్య పుస్తకాలు కుట్టేవాడు. రాయడం రాదు, అచ్చు వేయడం రాదు, కుట్టడం వచ్చు. విడికాగితాలు గోనెసంచిలో తెచ్చి ఆయన ముందు కుమ్మరిస్తే, నాలుగో రోజుకి వాటికి వెన్నూ అట్టా వచ్చి బుద్ధిగా నిలబడేవి. కొట్టంటే నాలుగో అంతస్తులో ఒక్క గది. లిఫ్టు ఉంది గానీ అది తొమ్మిదేళ్లుగా కిందనే అలిగి కూర్చుంది. ఎనభై నాలుగు మెట్లు. పైకి రాగానే పొయ్యి మీద కాగుతున్న జిగురు వాసన, మైనం పూసిన దారం వాసన, వాటి వెనకే మావయ్య మాట: "నలభై ఏళ్లు. ఒక్క ఫారం తప్పు పడలేదు."

నా చిన్నప్పుడు అది ఇరవై రెండేళ్లు. ఏటా ఒకటి కలుపుకుంటూ వచ్చాడు.

ఫారమంటే పదహారు పేజీల మడత. ఫారాలన్నీ వరసలో పేర్చి కుడితేనే పుస్తకం. ఒకటి అటూ ఇటూ అయిందా, కథలో మనిషి ముందు చచ్చి తర్వాత పుడతాడు. అందుకే బైండరుకి ఆ మాట చిన్నది కాదు. మావయ్య దాన్ని రిజిస్టర్ల కోసం వచ్చిన గుమాస్తాలకి చెప్పేవాడు, కింద వాచ్‌మన్‌కి చెప్పేవాడు, ఎవరూ దొరక్కపోతే కటింగ్ మిషన్‌కి చెప్పేవాడు. చెప్పాక ఒకసారి నా వైపు చూసి గబగబా ఏదో పనిలో పడేవాడు. గొప్పలు చెప్పుకున్నాక వచ్చే సిగ్గేమో అనుకునేదాన్ని.

ఆ మాట అబద్ధమని నాకొక్కదానికే తెలుసు అని కూడా అనుకునేదాన్ని. రుజువు నా దగ్గరే ఉంది మరి.

నా పదో పుట్టినరోజుకి మావయ్య ఒక పుస్తకం ఇచ్చాడు. ప్రెస్సులో ఓ నవల అచ్చయ్యాక మిగిలిపోయిన ఫారాలు ఏరుకొచ్చి, ఎర్ర గుడ్డ అట్ట వేసి నాకోసమే కుట్టాడు. బురుజులో మంత్రగత్తె నిద్రపుచ్చిన రాకుమారి కథ. రాకుమారుడు ఏడు వాగులు దాటి, గుర్రాన్ని పోగొట్టుకుని, కత్తి విరగ్గొట్టుకుని, బురుజుకున్న మూడు వందల మెట్లూ ఎక్కుతాడు. నూట ఇరవై ఎనిమిదో పేజీ అడుగున ఇలా ఉంటుంది: "ఆయాసపడుతూ అతను తలుపు తోశాడు. లోపల". పేజీ తిప్పితే నూట ఇరవైతొమ్మిది: "పొయ్యి మీద టీ మరిగింది. 'ఊచ ఒకటి మార్చాలండీ,' అన్నాడతను, గొడుగుని వెలుగుకి ఎత్తి పట్టుకుని."

పదేళ్ల పిల్లకి ఇందులో వింతేం కనబడలేదు. బురుజు కప్పు కారుతోంది, రాకుమారికి గొడుగు కావాలి, రాకుమారుడికి ఆ పని వచ్చు. ఇంకేం కావాలి? తర్వాతి పేజీల్లో అతను గొడుగులు బాగుచేస్తూ ఉంటాడు, ఆమె టైపు నేర్చుకుని ఉద్యోగంలో చేరుతుంది. ఆఖర్న ఇద్దరూ ఒకే గొడుగులో బస్‌స్టాపు దాకా నడుస్తారు. ఒకరికి కుడి భుజం తడుస్తుంది, ఒకరికి ఎడమ భుజం. పెళ్లి మాట ఎవరూ ఎత్తరు. ఆ పదహారు పేజీలు నాకు నోటికొచ్చేశాయి. గుర్రం ఏమైపోయిందా అని మాత్రం చాన్నాళ్లు బెంగపెట్టుకున్నాను.

ఆ తర్వాత చదివిన రాకుమారి కథలన్నీ సగంలో ఆపేసినట్టుండేవి. పెళ్లయింది, బాగుంది, మరి గొడుగు? నా స్నేహితురాళ్లు తెల్ల గుర్రం మీద వచ్చేవాడి కోసం చూస్తుంటే, నేను మెట్లన్నీ ఎక్కొచ్చి, ఆయాసం తీరకముందే ఊచ విరిగిందని కనిపెట్టేవాడి కోసం చూశాను. నచ్చిన ఇద్దరు ముగ్గురూ మావయ్య కొట్టు మెట్ల దగ్గరే ఆగిపోయారు. లిఫ్టు లేదా అని ఒకడు కింద నుంచి ఫోన్ చేశాడు కూడా.

అసలు సంగతి ఇంజినీరింగ్ రెండో ఏడు తెలిసింది. మేడమ్ బోర్డు మీద డబ్బాలు గీసి బాణాలు పెడుతోంది. ప్రతి డబ్బాలోనూ తర్వాతి డబ్బా చిరునామా ఉంటుందట. ఒక్క చిరునామా తప్పు రాస్తే ఈ వరస పోయి ఆ వరసలో కలిసిపోతుందట. కంప్యూటర్‌కి అనుమానమే రాదట, దానికి అంకెలు సరిపోతే చాలు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నూట ఇరవై ఎనిమిది, నూట ఇరవైతొమ్మిది. అంకెలు సరిపోయాయి.

ఇక అసలు ముగింపు కోసం వెతుకులాట. ప్రెస్సు ఎప్పుడో మూతపడింది, ఆ నవల మళ్లీ అచ్చు కాలేదు. ఇంటర్నెట్ అంతా గాలిస్తే ఒకే ఒక్క ఫలితం వచ్చింది. తెరిచి చూస్తే, మూడేళ్ల కిందట నేనే అడిగిన ప్రశ్న. మావయ్యని అడిగితే ఏమైనా తేలేదేమో. కానీ అడగడమంటే ఆయన ఏళ్ల తరబడి పెంచుకున్న మాటని గుప్పిట్లోంచి లాక్కోవడమే. నోరు మూసుకున్నాను.

ఈ ఏడు ఆయన చేతులు వణకడం మొదలైంది. సూది బెజ్జంలోకి దారం పోదు. శనివారం కొట్టు మూసేద్దామని తనే అన్నాడు, నేను వారం సెలవు పెట్టి సర్దడానికి వచ్చాను. నా కోరిక ఒక్కటే. శనివారం సాయంత్రం ఆ తలుపుకి తాళం పడేదాకా ఆయన మాట నిలబడాలి.

గురువారం మధ్యాహ్నం ఒకతను మెట్లెక్కి వచ్చాడు. నా ఈడువాడే. నీలం యూనిఫాం, జేబులో టెస్టర్. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్‌నని చెప్పి, మా లిఫ్టు ఆగిపోయి ఎన్నాళ్లయిందో పరామర్శకి వచ్చినట్టు అడిగాడు. మావయ్య అరల వెనక కునుకు తీస్తున్నాడు. అతను కవరులోంచి ఒక పుస్తకం తీశాడు. ఆకుపచ్చ గుడ్డ అట్ట, వెన్ను చిరిగి వేలాడుతోంది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆఫీసు రిజిస్టర్లు కుట్టించడానికి వస్తే, మీవాడికి ఇవ్వండమ్మా అని ఇక్కడి పెద్దాయన ఊరికే ఇచ్చాడట. ఇప్పుడు అతని మేనకోడలికి పదేళ్లు నిండుతున్నాయి, బాగుచేయించి తనకివ్వాలట.

తెరిచాను. గొడుగులు బాగుచేసే కుర్రాడు, టైపు నేర్చుకోవాలనుకునే అమ్మాయి, ఒకటే వాన. నూట ఇరవై ఎనిమిది: "అతను ఆమె గొడుగు అందుకుని తెరిచి చూస్తుండగా". నూట ఇరవైతొమ్మిది: "బురుజంతా వెలుగు నిండింది. రాకుమారి కళ్లు తెరిచింది."

"ఆ గొడుగు భలే గొడుగండీ," అన్నాడు మెకానిక్. "అది చదివి మా ఇంట్లో గొడుగులన్నీ గదుల్లోనే తెరిచి చూశా. మా నాన్న నా వీపు విమానం మోత మోగించాడు."

ఆఖరి కట్ట వేరే పుస్తకానిదని పెద్దయ్యాక అర్థమైందనీ, అసలుది ఏమైందో పెద్దాయన్ని ఒకసారి అడుగుదామనీ అన్నాడు. నేను పుస్తకం లాక్కుని అట్టముక్కల కింద తోసేశాను. గుసగుసగా మొత్తం చెప్పాను. శనివారం, నలభై ఏళ్లు, ఒక్క ఫారం. అతను మెడ గోక్కుంటూ విన్నాడు.

"అయితే నేనివాళ రాలేదండీ," అన్నాడు. "మెట్లు చూసి వెనక్కి వెళ్లిపోయా."

ఆ అబద్ధం నాకు చాలా నచ్చింది. అంతలో అరల వెనక దగ్గు వినిపించింది.

మావయ్య లేచి వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, అట్టముక్కల కిందనుంచి తొంగి చూస్తున్న ఆకుపచ్చ మూల పట్టుకుని లాగాడు. తెరవలేదు. వెన్ను మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు.

"ఇది నా కుట్టు."

"అందరి కుట్టూ ఒకలాగే ఉంటుంది మావయ్యా."

"అవునవును. అందరి మేనకోడళ్లూ ఒకలాగే అబద్ధాలాడతారు." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కోతీ, ఆ ఎర్రది కూడా తియ్యి. వచ్చిన రోజునుంచీ సంచిలో పెట్టుకుని తిరుగుతున్నావు, నాకు తెలీదనుకున్నావా?"

తీశాను. ఆయన మొహం వైపు చూడలేక దారపు ఉండ వైపు చూశాను. మావయ్య మాత్రం తీరిగ్గా చెప్పుకొచ్చాడు, నాకు కాదు, మెకానిక్‌కి. రెండు నవలలూ ఒకే ప్రెస్సువి, ఒకే కొలత, రెండింటికీ ఆఖరిది తొమ్మిదో ఫారమే. పుట్టినరోజు హడావుడిలో రెండు తొమ్మిదులూ తారుమారయ్యాయి. మర్నాడు పొద్దున ఆకుపచ్చది తిరగేస్తుంటే తెలిసిందట. ఎర్రది తెచ్చి విప్పి కుట్టేద్దామని అప్పటికప్పుడు మా ఇంటికొచ్చాడట.

"ఇది గుమ్మంలోనే పట్టుకుంది బాబూ. రాకుమారుడు గొడుగులు బాగుచేస్తాడు మావయ్యా అని గంటసేపు కథ చెప్పింది. ఒక భుజం తడవకుండా, ఒక భుజం తడిసేలా ఎలా నడవాలో హాల్లో అటూ ఇటూ నడిచి చూపించింది. ఇంకేం విప్పమంటావు? ఆకుపచ్చది నా దగ్గరుంటే ఎప్పటికైనా దీని కంటపడుతుంది. అందుకే మీ అమ్మకిచ్చేశాను."

"మరి నలభై ఏళ్లు, ఒక్క ఫారం?" అన్నాను.

"నీకోసమే కదే చెప్పేది. నీకు అనుమానం రాకూడదని."

అంటే ఆ మాట అన్నాక నా వైపు చూసే చూపు సిగ్గు కాదు. నేనింకా నమ్ముతున్నానా అని. పద్దెనిమిదేళ్లు ఆయన నా దగ్గరా, ఎనిమిదేళ్లు నేను ఆయన దగ్గరా ఒకే తప్పుని దాచుకుంటూ, ఎదురెదురుగా కూర్చుని టీలు తాగాం.

మావయ్య రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాడు. ఎలాగూ వెన్ను విప్పుతున్నాం, ఎవరి ముగింపు వాళ్లకి పెట్టేయనా అని అడిగాడు. ముందు చదువుకుంటామన్నాం. నేను ఆకుపచ్చది తీసుకున్నాను, మెకానిక్ ఎర్రది.

ఎనిమిదేళ్లు వెతికిన ముగింపు ఇది: రాకుమారి కళ్లు తెరిచింది, నాలుగో వాక్యంలో పెళ్లి కుదిరింది, మిగతా పదిహేను పేజీలూ ఊరేగింపు. ఏనుగులు, ఏనుగుల మీద అంబారీలు, అంబారీలకి పొదిగిన రాళ్లు. రాకుమారి చివరిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గుర్రం దొరికింది, అదొక్కటే సంతోషం.

తలెత్తి చూస్తే మెకానిక్ బస్‌స్టాపు పేజీ దగ్గర ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూశాడు గానీ చేతిలోంచి దించలేదు. నాకు భయమేసింది. న్యాయంగా ఆ పదహారు పేజీలూ అతనివే. ఇమ్మంటే ఇచ్చెయ్యాలి, నాకు ఏనుగులు మిగులుతాయి.

"నాది అలాగే కుట్టెయ్యండి మాస్టారూ," అన్నాడు చివరికి. "గొడుగు తెరిస్తే వెలుగు రావాలి. మా మేనకోడలికి ఆల్రెడీ సగం చెప్పేశా." నా వైపు తిరిగాడు. "ఇది మళ్లీ చదవాలనిపిస్తే, అడిగితే ఇస్తారు కదండీ?"

ఇస్తానన్నాను.

శుక్రవారం ఆకుపచ్చ పుస్తకం నేనే కుట్టాను. మావయ్య పక్కన కూర్చుని, లాగకే, బిగించు, బిగించమంటే పిసకమని కాదు అని తిడుతూనే ఉన్నాడు. ఎనిమిదో ఫారం తర్వాత రాకుమారి ఫారం పెడుతున్నప్పుడు మాత్రం వణుకుతున్న చేత్తో దాని అంచు సరిచేశాడు, అంతే.

శనివారం నాలుగింటికి, మూతపడ్డ ప్రెస్సులో ఒకప్పుడు ప్రూఫులు దిద్దిన పెద్దమనిషి ఒకాయన రొప్పుతూ పైకొచ్చాడు. వీడ్కోలు చెప్పడానికట. మొత్తానికి ఒక్క ఫారం తప్పు పడకుండా దాటించేశావన్నమాట అన్నాడు. మావయ్య నా వైపు చూశాడు. ఈసారి పనిలో పడలేదు.

"రెండు పుస్తకాలు తప్పు పడ్డాయోయ్," అన్నాడు. "అందులో ఒకదాన్ని నిన్న మళ్లీ అలాగే కుట్టించా."

ఆ పెద్దమనిషి దీన్ని జీర్ణించుకునేలోపు కింద ఎక్కడో గరగరమని చప్పుడైంది. గోడ కాస్త అదిరింది. తొమ్మిదేళ్ల అలక తీరి లిఫ్టు పైకొస్తోంది. కటింగ్ మిషన్‌ని మెట్ల మీద దింపితే పెద్దాయన నడుం విరుగుతుందని మెకానిక్ పొద్దుటినుంచీ కిందే ఉన్నాడని తర్వాత తెలిసింది.

మోచేతుల దాకా గ్రీజుతో అతను తలుపు తోశాడు. లోపల పొయ్యి మీద టీ మరుగుతోంది.

నేనేం కావాలని పెట్టలేదు. మావయ్యకి నాలుగింటికి టీ పడాలి.