కరియ మెడలో కొయ్య

తిప్పేస్వామి ఆ కొయ్యను శ్రద్ధగానే చెక్కాడు. అదొక్కటి మాత్రం ఒప్పుకోవాలి. విరిగిన మంచం కోడు సరిచేయమని పెళ్లాం గంగాదేవి ఏడాదిగా మొత్తుకుంటున్నా చెయ్యి పెట్టని మనిషి, కుక్క మెడకు కట్టడానికి తుమ్మకొయ్య కావాలనేసరికి పొద్దున్నే కొడవలి పట్టుకుని కూర్చున్నాడు. మూరెడు ముక్క నరికి, మధ్యలో గాడి తీసి, తాడు బిగించి కరియ మెడకు వేలాడదీశాడు. కొయ్య సరిగ్గా ముందుకాళ్ల మోకాళ్ల దగ్గరికి వచ్చింది. మెల్లగా నడిస్తే ఫరవాలేదు, పరుగెత్తితే మాత్రం ప్రతి అడుగుకూ కాళ్లకు కొడుతుంది. కుందుర్పి పక్క పల్లెల్లో మందల వెంటపడే కుక్కలకూ, దారిన పోయేవాళ్లను కరిచే కుక్కలకూ ఇట్లా కట్టి దారికి తెస్తారు.

కరియ బుద్ధిగా మెడ చాచి నిలబడింది. కట్టేవాడు తిప్పేస్వామి కాబట్టి అదేదో తన మేలుకే అనుకుంది కాబోలు.

“ఏం చేసిందప్పా అది? దానికి కొయ్య ఎందుకు కడతాండావు?” అని గంగాదేవి వాకిట్లోకి వచ్చి అడిగింది.

“నరసింహులు చిన్నాయన గొర్రెపిల్లను పట్టిందంట. నిన్న దావలో నన్ను నిలబెట్టి అడిగినాడు. కొయ్యన్నా కట్టు, లేకుంటే దానికి విషం మందు పెడతా అన్నాడు.”

“కరియనా? గొర్రెపిల్లనా?” ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. “ఎదురింట్లోనే ఉండాడు గదా, ఆ మామ నాతో ఒక మాటన్నా అనలేదే.”

“ఆడోళ్లతో ఏం చెప్తాడు? నువ్వు పోయి అడగాకు. పెద్దాయన, గొడవ పెద్దదయితాది.”

అంతా పచ్చి అబద్ధం. నరసింహులు మందలో ఒక్క పిల్ల జోలికి కూడా కరియ పోలేదు. అసలు సంగతి వేరే ఉంది. ఊరి బయట ఎండిపోయిన బోరు పక్కన పాత మోటారు రూము ఉంది. అందులో పేకాట నడుస్తుంది. తిప్పేస్వామి ఇంట్లో చేనికి పోతున్నానని చెప్పి అక్కడ తేలేవాడు. అతని వెనకాలే కరియ. లోపలికి రానివ్వకపోతే గుమ్మం ముందు కూర్చునేది. ఎండ కాసినా, చలి కొరికినా, లోపలున్న మనిషి బయటికి వచ్చేదాకా అక్కడ నుంచి కదిలేది కాదు. ఆ నల్లకుక్క ఎక్కడ కూర్చుంటే తిప్పేస్వామి అక్కడ ఉన్నట్టేనని ఊరంతటికీ తెలుసు. గంగాదేవికి ఇంకా బాగా తెలుసు. ఒకనాడు ఆమె నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడి, ఆటగాళ్లందరి ముందూ మొగుణ్ణి కడిగిపారేసింది. వాళ్లు నవ్విన నవ్వుకు అతనికి తల కొట్టేసినట్టయింది. పెళ్లాన్ని ఏమీ అనలేడు, ఆట మానుకోలేడు. చివరికి నోరులేని కుక్క మీద పడ్డాడు. చూశారా మగతనం!

కొయ్య బాగానే పనిచేసింది. మొదట్లో కరియ వెంటపడి వచ్చేది. కాళ్లకు దెబ్బలు తగిలి, కుంటుకుంటూ వీధి మలుపు దగ్గర ఆగిపోయేది. అతడు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి చూసేది. తిప్పేస్వామి వెనక్కి తిరిగేవాడు కాదు. తిరిగితే ఎక్కడ మనసు కరుగుతుందోనని అతని భయం. తర్వాత్తర్వాత అది గంగాదేవి వెంటే మెల్లగా తిరగడం అలవాటు చేసుకుంది.

“మోకాళ్లు పుండ్లయినాయప్పా. తీసెయ్యరాదా?” అని ఆమె దాని కాళ్లకు ఆముదం రాస్తూ అడిగింది.

“ఇంకొన్నాళ్లు పోనీలే” అన్నాడు.

పాపం, ఆమె కోపమంతా నరసింహులు మీదికి మళ్లింది. ఆయన ఎదురుపడి “ఏం కోడలా, సంగటి తింటివా?” అని పలకరిస్తే ముఖం తిప్పుకుని పోయేది. పెద్దాయన నొచ్చుకుని తిప్పేస్వామినే అడిగాడు.

“గంగమ్మకు నా మీద ఏమన్నా కోపమా ఏందిరా?”

“కోపమేముంది చిన్నాయనా. పనుల్లో పడి ఉంటాది” అని తిప్పేస్వామి తప్పించుకున్నాడు.

ఆ ఏడు వాన దయ తలచింది. వేరుశనగ చెట్టుకు కాయ నిండుగా పట్టింది. మనుషుల్ని పెట్టి పీకించి చేలోనే కుప్ప వేశారు. గుట్టల్లోని ఎలుగుబంట్లకు ఆ వాసన ఎట్లా తెలుస్తుందో గానీ, కుప్పలు పడగానే దిగుతాయి. కావలి లేకపోతే కష్టమంతా వాటి పాలే. తిప్పేస్వామి నల్ల గొంగడి భుజాన వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, కావలికి పోతున్నానని చెప్పి బయల్దేరాడు. చేలో కాసేపు కూర్చున్నాడు కూడా. ఆ తర్వాత కాళ్లు వాటంతటవే మోటారు రూము దారి పట్టాయి.

మొగుడు రాత్రంతా మంచులో మేలుకుని ఉంటాడని గంగాదేవి తెల్లారకముందే లేచింది. వేడి సంగటి కెలికి, గుడ్డలో మూటకట్టుకుని, ఇంకా మసక ఉండగానే చేను దారి పట్టింది. వెనకాల కరియ, టక్కు టక్కుమని కాళ్లకు కొట్టుకునే కొయ్యతో.

ఉన్నదంతా పోగొట్టుకుని మోటారు రూములోంచి ఇంటిదారి పట్టిన తిప్పేస్వామికి తమ చేను వైపు నుంచి కేకలు వినబడ్డాయి. గట్లకు అడ్డంపడి పరుగెత్తాడు.

అతడు పోయేసరికే అంతా అయిపోయింది. గంగాదేవి కుప్పకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ భుజం మీద రవిక చీలికలైపోయి చెయ్యంతా రక్తం. నరసింహులు తన తలగుడ్డ విప్పి ఆమె భుజానికి చుడుతున్నాడు. పక్క చేలవాళ్లు రేకుడబ్బాలు పట్టుకుని గుట్ట వైపు చూస్తూ నిలబడ్డారు. సంగటి మట్టిలో పడి ఉంది.

“యాడ పోయినావురా?” అన్నాడు నరసింహులు.

“చెంబు తీసుకొని వంక తట్టు పోయినా.”

అబద్ధం అంత సులువుగా నోటికి రావడం చూసి అతనికే ఆశ్చర్యం వేసింది. అతని చేతిలో చెంబు లేదు. అది ఎవరూ గమనించలేదు.

గంగాదేవి చెప్పింది. “కుప్ప పక్కన నల్లగా కదిలితే నువ్వే గొంగడి కప్పుకొని పండుకొనుండావు అనుకుంటి. లెయ్యప్పా, సంగటి తెచ్చినా అని దగ్గరికి పోయి వంగినా. చూస్తే ఎలుగ్గొడ్డు. కరియ లేకుంటే నన్ను ఆడనే చీల్చేసుండు.”

తిప్పేస్వామి భుజాన గొంగడి ఉంది. దాన్ని తీసి ఎక్కడైనా పారేయాలనిపించింది.

కరియ కుప్పకు అవతల పక్క ఒరిగి పడి ఉంది. ఒక చెవి సగం ఊడింది. వీపు మీద గాట్లు. ఎలుగుబంటి గంగాదేవి మీద పడగానే ఇది వచ్చి దాని వెనకకాలు పట్టుకుందట. అది తిరగబడితే పక్కకు దూకబోయి, కొయ్య కాళ్లకు అడ్డంపడి బోర్లా పడిందట. లేచిందట. మళ్లీ పడిందట. ఎన్నిసార్లు పడినా లేచి ఎలుగుబంటికీ గంగాదేవికీ మధ్యనే నిలబడిందట. గొర్రెలు తోలుకుపోతున్న నరసింహులు అరుపులు విని కట్టె పట్టుకుని వచ్చేదాకా ఆమె పక్క నుంచి పోలేదు. ఆయన చెబుతుంటే వింటూ తిప్పేస్వామి కొయ్య ముడి విప్పబోయాడు. అంత గట్టిగా తానే బిగించిన ముడి ఎంతకీ రాలేదు. చివరికి నరసింహులే కొడవలితో తాడు కోశాడు.

గంగాదేవిని అంబులెన్సులో కళ్యాణదుర్గం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తిప్పేస్వామి ఆమెతో పోయాడు. కరియను గోనెపట్టాలో చుట్టి ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది నరసింహులే. మూగజీవం మీద ఆయనకున్న పాటి జాలి తనకు లేకపోయిందని ఆసుపత్రి వరండాలో కూర్చుని తిప్పేస్వామి కుమిలిపోయాడు. నిజం చెప్పేద్దామని మంచం దగ్గరికి పోతాడు, భుజానికి కుట్లతో పడుకున్న మనిషిని చూసి తిరిగొస్తాడు. ఆమె కళ్లు తెరిచినప్పుడల్లా అడిగిన మాట ఒక్కటే, “కరియ ఎట్లుండాది?”

గంగాదేవీ, కరియా ఇంటికి వచ్చాక పశువుల డాక్టరు కట్టు మార్చడానికి వచ్చాడు. కరియ కాలు పట్టుకుని నెమ్మదిగా వంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఎలుగుబంటి గాట్లు మానిపోతాయమ్మా. ఈ ముందుకాలు మాత్రం ఇక ఊనలేదు. ఇది ఎలుగుబంటి చేసింది కాదు. మెడకు కొయ్య కట్టినారంట కదా? పరుగులో అది కొట్టుకుని కొట్టుకుని ఎముక చిట్లింది. ఆ కాలితోనే అంతసేపు కొట్లాడింది.”

డాక్టరు బండి వీధి దాటిందో లేదో గంగాదేవి లేచింది. కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని ఎదురింటికి నడిచింది. ఎక్కడికి పోతోందో తిప్పేస్వామికి అర్థమైంది.

“ఇప్పుడొద్దు గంగా. ఒళ్లు బాగు కానీ” అంటూ వెంటపడ్డాడు. ఆమె వింటేగా.

నరసింహులు గొర్రెల దొడ్డి ముందు కూర్చుని పిల్లలకు తుమ్మకాయలు వేస్తున్నాడు.

“చూపియ్యి మామా. మా కరియ పట్టిన పిల్ల యాదో నాకు చూపియ్యి.”

“ఏ పిల్ల తల్లీ?”

“ఏమీ ఎరగనట్ల అడగాకు. కొయ్య కట్టకుంటే మందు పెడతా అంటివంట గదా. నీ మాట మీదనే కట్టినాము. అది కుంటిదైపాయ. నా ప్రాణం కాపాడి అది కుంటిదైపాయ. ఇప్పుడు చల్లగుందా నీకు?”

చుట్టుపక్కల ఆడవాళ్లు బయటికి వచ్చారు. నరసింహులు ఆమెను చూశాడు, ఆమె వెనకాలున్న తిప్పేస్వామిని చూశాడు. తిప్పేస్వామి తల దించుకున్నాడు. ముసలాయనకు అది చాలు. కాసేపు చేతిలో కాయలను అటూ ఇటూ కదిపాడు.

“అవునమ్మా” అన్నాడు మెల్లగా. “ఏదో కోపంలో అంటి. తప్పు నాదే.”

మొదట తిప్పేస్వామికి ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే, అమ్మయ్య అనుకున్నాడు. ఆ మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. పెళ్లాన్ని కాపాడినవాడు, కుక్కను మోసినవాడు, ఇప్పుడు తన అబద్ధాన్ని కూడా నెత్తిన పెట్టుకుంటున్నాడు.

గంగాదేవి వంగి, బాగున్న చేత్తో పిడికెడు మన్ను తీసింది. ఆడమనిషి శపిస్తూ మన్నెత్తి పోస్తే ఆ దొడ్డి బాగుపడదని ఆ పల్లెల్లో నమ్మకం. చూస్తున్న ఆడవాళ్లు వద్దు వద్దన్నారు. నరసింహులు ఆపలేదు, గొర్రెపిల్లలకు అడ్డంగా చేతులు మాత్రం చాపాడు.

తిప్పేస్వామి పరుగున పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“పొయ్యాకు గంగా. పోస్తే నా మీద పొయ్యి.”

ఆమె అతని వైపు చూసింది.

“ఆయప్ప ఏమీ అనలేదు. కరియ ఏ పిల్లనూ పట్టలేదు. నేనే కట్టినా. పేకాటకాడికి నా ఎనకాల వస్తాండాదని, అది కూర్చుంటే నీకు తెలిసిపోతాండాదని కట్టినా. ఆ పొద్దు వంక తట్టు కూడా పోలేదు. మోటారు రూములో ఉంటి. నువ్వు నా కోసం సంగటి తెచ్చేటప్పుడు నేను ఆడతాంటి.”

గంగాదేవి పిడికిలి విప్పింది. మన్ను తన కాళ్ల దగ్గరే రాలిపోయింది. ఆమె నరసింహులు కాళ్ల మీద పడబోతే ఆయన పట్టుకుని ఆపాడు. మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండునని తిప్పేస్వామికి ఎంతగా అనిపించిందో చెప్పలేను.

సాయంత్రం ఆమె ఒంటిచేత్తోనే సంగటి కెలికింది. అతనికి పళ్లెంలో పెట్టింది. అతడు తినలేక దాని ముందే కూర్చుండిపోయాడు. ఆమె చిన్న ముద్దను పాలల్లో పిసికి గిన్నె తెచ్చి అతని పక్కన పెట్టింది.

“కరియకు నువ్వే పెట్టు. పొద్దున్నుంచి నా చేతిలోది ముట్టలేదు. నువ్వు యాడుంటే ఆ తట్టే చూస్తాండాది.”

తిప్పేస్వామి గిన్నె తీసుకుని వాకిలి పక్కన గోనెపట్టా మీద పడుకున్న కుక్క దగ్గరికి పోయాడు. కరచినా బాగుండును. కనీసం ముఖం తిప్పుకున్నా బాగుండును. కరియ తల ఎత్తి అతని చేతిలోది తినసాగింది. తిని, సగం చెవి ఉన్న తలను అతని మోకాలి మీద పెట్టింది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గుండెల మీద బరువు కొంచెం దిగినట్టయి, ఆశగా తల ఎత్తి గంగాదేవి వైపు చూశాడు.

“దాన్ని చూసి నువ్వు సంబరపడాకు” అంది ఆమె గుమ్మంలో నిలబడి. “దానికి తెలీదు. నాకు తెల్సు.”

ఆ మాట అనేసి లోపలికి పోయింది. కరియ అతని వేళ్లు నాకుతూనే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి అతనికి మనసు రాలేదు.