అల్లుడుగారు విప్పిన పెట్టె

కంప్యూటర్ మూడుసార్లు కుయ్‌మని ఊరుకుంది. తెరమీద ఏమీ రాలేదు. కోడలు గోడ గడియారం వంక చూసింది. మూడున్నర. ఐదింటికల్లా దరఖాస్తు పంపకపోతే ఉద్యోగం చేజారినట్టే. కంప్యూటర్లు మొరాయించినవాళ్లు ఫోన్ చేస్తే, ఏం చెయ్యాలో ఇంట్లో కూర్చునే చెప్పే ఉద్యోగం అది. జతచేయవలసిన ధ్రువపత్రాల నకళ్లన్నీ ఈ పెట్టెలోనే ఉన్నాయి.

ఆ కూతకు అర్థం ఆమెకు తెలుసు. లోపల ర్యామ్ అనే పట్టీ పట్టు సడలింది. పెళ్లికి ముందు రెండేళ్లపాటు ఇలాంటి పెట్టెలు విప్పడం, బిగించడమే ఆమె చదువు. ఆ సంగతి ఇంట్లో అందరూ విన్నదే కానీ ఎవరికీ గుర్తులేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగిందో లేదో, అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చారు.

"అమ్మాయ్! అది అల్లుడుగారు దగ్గరుండి కొనిపెట్టింది. ఆయనకు మాటైనా చెప్పకుండా విప్పేస్తే ఏమనుకుంటారు?"

"టైం లేదత్తయ్యా."

"రెండు వీధుల అవతలే కదా ఉండేది! ఇంజనీరు ఇంట్లో మనిషై ఉండగా మనకెందుకు బెంగ?"

ఆడపడుచు భర్త వంతెనలు కట్టే ఇంజనీరు. అత్తగారి లెక్కలో ఇంజనీరంటే ఇంజనీరే. మిక్సీ తిరక్కపోయినా ఆయనకే కబురు.

ఆయన నాలుగుకి పది నిమిషాలుందనగా వచ్చారు. నిదానంగా మంచినీళ్లు తాగారు. తెరను అరచేత్తో రెండుసార్లు చరిచారు. వెనక వైర్లన్నీ ఊడబీకి మళ్లీ పెట్టారు. చెవి ఆనించి కూత విన్నారు.

"వైరస్," అని తేల్చారు. "లోపలున్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలి."

"చూశావా, ఇట్టే పట్టేశారు!" అన్నారు అత్తగారు.

తుడిచేస్తే ధ్రువపత్రాలూ పోతాయి. కాదంటే ఆయన అలిగి లేచిపోతారు, పెట్టె మూసినట్టే ఉంటుంది.

"తెలియక అడుగుతున్నాను అన్నయ్యగారూ," అంది కోడలు మెల్లగా. "వైరస్ అయితే తెరమీద ఏదో ఒకటి రావాలి కదా? లోపల ఏదైనా వదులైందేమోనని మీకు అనుమానమా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "నాకు మొదటినుంచీ అదే అనుమానం."

ప్లగ్గు తీసి పక్కరేకు విప్పారు. లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది.

"ఈ పొడుగాటి పట్టీ ఏంటన్నయ్యగారూ? రెండు చివర్లా క్లిప్పులున్నాయి."

"అదా? అది చాలా ముఖ్యమైనది."

"తీస్తే ప్రమాదమేమో!"

"నేనుండగా ప్రమాదమేంటమ్మా?" అంటూ తీశారు.

"దాని పసుపు అంచు నల్లబడిందే. పెన్సిలు రబ్బరుతో రుద్దితే పాడవుతుందా?"

"చూస్తూ ఉండు."

రబ్బరు అప్పటికే ఆయన చేతిలో పెట్టింది. రుద్దడం అయ్యాక ఆయన పట్టీని తిరగేసి దూర్చబోయారు. "గాడి ఇటు రావాలని భలే కనిపెట్టారు!" అని ఆమె ముందుగానే మెచ్చుకుంది. ఆయన చెయ్యి తిప్పుకుని సరిగ్గా నొక్కారు. క్లిప్పులు టక్కుమన్నాయి.

కంప్యూటర్ వెలిగింది. అత్తగారి మొహం అంతకన్నా వెలిగింది.

నాలుగూ ముప్పై ఐదు. దరఖాస్తు పేజీ మాత్రం తెరుచుకోలేదు. ఈ సైటు నమ్మదగింది కాదంటూ హెచ్చరిక వచ్చింది.

"నెట్ పాడైంది," అన్నారాయన. "వాళ్లకు ఫోన్ చేద్దాం, రేపొస్తారు."

"తెలియక అడుగుతున్నాను, ఇవాళ తారీఖెంత?"

ఆయన తెర మూల చూసి చెప్పబోయి ఆగిపోయారు. అక్కడ పదకొండేళ్ల కిందటి తేదీ ఉంది. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోవడంతో, ప్లగ్గు తీయగానే కంప్యూటర్ గడియారం వెనక్కి పోయింది. తేదీ తప్పైతే మంచి సైటునైనా కంప్యూటర్ నమ్మదు.

"ఇది తప్పు," అన్నారు గంభీరంగా. "దిద్దాలి."

"మీరు చెప్పండి, నేను దిద్దుతాను."

ఆయన రోజు, నెల, సంవత్సరం చెప్పారు. ఆ సాయంత్రం ఆయన నోట వచ్చిన సరైన ముక్క అదొక్కటే.

పేజీ తెరుచుకుంది. ధ్రువపత్రాలు జతచేసి ఆమె చివరి ప్రశ్నకు వచ్చింది: మీరు చెయ్యి పెట్టకుండా, ఎదుటివారి చేతనే సమస్య పరిష్కరింపజేసిన సందర్భం ఒకటి రాయండి. ఐదుకి తొమ్మిది నిమిషాలుంది. ఆమె వేళ్లు ఎక్కడా తడుముకోలేదు.

ఆయన వెనకనుంచి మెడ సాచారు. "ఏం రాస్తున్నావమ్మా అంత గబగబా?"

"మీ గురించే అన్నయ్యగారూ."

"అయ్యో, నా పేరెందుకు? రేపట్నించి అందరూ నాకే ఫోన్లు చేస్తారు!"

"పేరు రాయలేదు లెండి," అని ఆమె పంపేసింది.

దరఖాస్తు అందినట్టు తెరమీద పడగానే అత్తగారు నిట్టూర్చారు. "రేపు నీకు ఉద్యోగమంటూ వస్తే అదంతా అల్లుడుగారి చలవే అనుకో."

కోడలు కాదనలేకపోయింది.